మా వీధి ప్లూటో

ఈ ఏడు ఆని నెలలో, జూన్ చివర్న, ఒక సాయంత్రం తిరువళ్ళూరులో ఎలక్ట్రిక్ రైలు బండి ఎక్కాను. కిటికీ పక్క సీటు దొరికిన సంబరంలో చెప్పులు విడిచి కాళ్ళు పైకి ముడుచుకున్నానో లేదో, జామకాయల బుట్ట నడుముకు ఆనించుకుని ఒకామె ఎదురుగా వచ్చి నిలబడింది. ఇన్నేళ్ళుగా మేం జామకాయలు కొన్నది ఆమె దగ్గరే. నా ఎదురు సీటులో ఇంకెవరో కూర్చుని ఉండడం చూసి నా వైపు తిరిగింది.

"ఏం మా, మీ టీచరమ్మ యాడ? నిండా నాళ్ళాయె కనబడి."

"పొయ్యిందమ్మా. తై నెలలో. నిద్రలోనే."

ఆమె బుట్ట కింద పెట్టేసింది. నేను కూడా సంక్రాంతి వచ్చే ఆ తై నెల తర్వాత చాలా రోజులు ముందు బండికే వెళ్ళిపోయేదాన్ని, ఆ ఎదురు సీటు చూడబుద్ధి కాక. అందుకే ఈమెకు కబురు తెలియలేదు.

"నన్ను ఆయమ్మ పేరు పెట్టి ఎప్పుడూ పిలవలే మా. 'సెరెస్, దా ఇట్లా' అనేది. నేనూ సరేనని పలికేదాన్ని. అడగాల అడగాల అనుకుంటానే ఉండా. అది మంచి పేరే గదా? తిట్టు కాదు గదా?"

జవాబు చెప్పబోయేలోపు స్టేషన్ వచ్చింది. ఆమె బుట్ట ఎత్తుకుని దిగిపోయింది. నేను ఒక్కదాన్నే కూర్చుని నవ్వడం మొదలుపెట్టాను. ఎదురు సీటు ఆయన పేపరు దించి చూశాడు. నాకు నవ్వొస్తే కళ్ళ నీళ్ళొస్తాయి. ఆ రోజు రెంటిలో ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

టీచరక్క అంటే తిరుత్తణిలో మా నేతగాళ్ళ వీధి చివరింటి ఆమె. తిరువళ్ళూరులో ఒక బడిలో సైన్సు చెప్పేది. నేను పనిచేసే ఆఫీసూ ఆ ఊళ్ళోనే. పొద్దున ఒకే బండిలో పోవడం, సాయంత్రం ఒకే బండిలో రావడం. బడిలో అరవంలో పాఠం, బండిలో తెలుగులో పాఠం. బడి పిల్లలకైనా ఆదివారం సెలవుండేది. నాకు అదీ లేదు, ఎందుకంటే ఆదివారం ఆమె మా ఇంటికే వచ్చేది.

పొట్టి మనిషి. జడ ఎంత సన్నమో దానిమీద మల్లెపూలు అంత దండిగా ఉండేవి. గడియారం మణికట్టుకి లోపలి వైపు పెట్టుకునేది. జోకు చెప్పేముందే తను నవ్వేసేది, అందువల్ల సగం జోకులు మాకు చివరిదాకా అందేవి కావు. బండిలో ఎప్పుడూ వెనక్కి తిరిగిన సీటే కావాలి. ఎందుకక్కా అంటే, "ముందుకి చూస్తా కూచుంటే వచ్చే స్టేషన్ గురించి దిగులు. వెనక్కి చూస్తే దాటొచ్చిన స్టేషన్ల గురించి సంతోషం" అనేది.

పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు అడిగినన్ని జవాబులు. ఒకరికి "ఆ ఏడు మగ్గం ఖాళీ లేకపొయ్యింది" అని, ఇంకొకరికి "మాప్పిళ్ళ దొరికినాడు గానీ వాడికి సైన్సు రాలే" అని, మా అత్తకైతే "జాతకంలో ప్లూటో ఉండాడంట అత్తా, ఏం చేసేది" అని. మా అత్త ఆ పేరు గల దోషానికి పరిహారం ఏ గుళ్ళో చేస్తారో చాలాకాలం వాకబు చేసింది.

ప్లూటో అంటే ఆమెకు పిచ్చి. లోకంలో ఏది కనబడినా దాన్ని మూడు ప్రశ్నలు అడిగి వరుసలో పెట్టేది. కుడిచెయ్యి ఎత్తి చూపుడు వేలు నిలబెట్టేది.

"ఒకటి. ఇది నేరుగా సూర్యుడి చుట్టూ తిరగతా ఉండాదా, ఇంకొకరి చుట్టూ తిరగతా ఉండాదా?" నడిమి వేలు లేచేది. "రెండు. తన బరువుకి తానే ఒత్తుకొని గుండ్రంగా అయ్యిందా?" తర్వాత ఉంగరం వేలు. "మూడు. తాను పొయ్యే దారిలో చిల్లర మల్లరంతా ఊడ్చి, దారి తనదే చేసుకునిందా? మూడింటికీ అవునంటే గ్రహం. మొదటి రెండూ ఉండి మూడోది లేకపోతే మరుగుజ్జు గ్రహం, మన ప్లూటో మాదిరి." అలా అంటూ మూడో వేలిని సగానికి ముడిచేది. ఆ సగం ముడిచిన వేలు ఆమెకు ఎంత అలవాటైపోయిందంటే, టీ కొట్లో రెండు టీలు చెప్పినా మూడో వేలు సగం లేచే ఉండేది. కొట్టువాడు రెండా మూడా అని ప్రతిసారీ అడిగేవాడు.

తన బరువుతో తాను గుండ్రంగా కావడమేమిటో నాకు చాలాకాలం అర్థం కాలేదు. ఒక దీపావళికి మా ఇంట్లో లడ్డూలు చుడుతుంటే వచ్చి పక్కన కూర్చుంది. పళ్ళెంలో బూందీ చూపించి, "ఇవి రాళ్ళు. ఒకటి వంకర, ఒకటి టింకర. ఎవురి ఆకారం వాళ్ళది" అంది. పిడికెడు తీసి ఒత్తింది. "ఇప్పుడు గుండ్రం. ఇక్కడ ఒత్తినది నా పిడికిలి. ఆకాశంలో పిడికిలి యాడుంటాది? నిండా బూందీ ఒక చోట చేరితే దాని బరువే దానికి పిడికిలి. నడిమికి లాక్కుంటాది, లాక్కుంటాది, కడాకి గుండ్రమైతాది." చెప్పడం అయ్యాక ఆ లడ్డూ నోట్లో వేసుకుంది. నాకు ఈనాటికీ లడ్డూ చుట్టేటప్పుడు ఆ మాటే గుర్తుకొస్తుంది.

ఇక బండిలో ఆమె చేసే వర్గీకరణకు అంతు ఉండేది కాదు. టిక్కెట్లు చూసే ఆయన పెట్టెలోకి రాగానే తలుపు దగ్గర వేలాడే కుర్రాళ్ళంతా మాయమయ్యేవాళ్ళు. "అదో చూడు, గురుగ్రహం. ఎంత నీటుగా దారి ఊడ్చుకుంటా వస్తా ఉండాడో" అని నా చెవిలో చెప్పేది. జామకాయలామెకు సెరెస్ అని పేరు పెట్టింది కూడా ఆ రోజుల్లోనే. రైలు దిగి పోయే గుంపులో, బుట్టలూ మూటలూ సంచులూ ఒరుసుకునే సందులో, ఎవరి దారికీ అడ్డం పడకుండా, ఎవరికీ దారి వదలకుండా ఆమె తిరిగేది మరి, ఆకాశంలో చిల్లర రాళ్ళ నడుమ ఆ సెరెస్ తిరిగినట్టు.

నా సంగతికి వస్తే, నేను ఉపగ్రహాన్ని.

"ఎందుకక్కా? మా ఇంట్లో మా ఆయన మాట కాదు, నా మాటే గదా చెల్లేది!"

"చెల్లతాది మే, ఎవురు కాదన్నారు? బుధుడికన్నా పెద్ద ఉపగ్రహాలు గూడా ఉండాయి. అయినా ఏం లాభం? ఇంకొక గ్రహం చుట్టూ తిరగతాయి గాబట్టి మొదటి ప్రశ్నలోనే ఫెయిల్."

ఆ రోజు అరక్కోణం దాకా నేను ఆమెతో మాట్లాడలేదు. ఆమె జామకాయ కోసి ఉప్పుకారం అద్ది చేతిలో పెట్టింది. తిన్నాను గానీ మాట్లాడలేదు.

ఈ మూడు ప్రశ్నలూ ఆమె నోటికి వచ్చింది ప్లూటోను గ్రహాల్లోంచి తీసేసినప్పటి నుంచే. ఆ సంగతి పేపర్లో వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. మా పెట్టెలో వాళ్ళంతా ఇంట్లో చావు జరిగినట్టు ఆమెను పలకరించారు. ఆమె మాత్రం పూలు ఇంకొంచెం ఎక్కువ పెట్టుకుని వచ్చింది.

"ఆయన చావలే, వరుస మారినాడు. ఇంతకీ ఈ సంగతి ఆయనకి తెలుసా? ఆయన పాటికి ఆయన తిరగతానే ఉండాడు."

మా వీధిలో ఆ వార్త ఇంకో రకంగా పాకింది. తొమ్మిదింటిలో ఒకటి పోయి ఎనిమిదే మిగిలాయని విని, రెండిళ్ళ అవతలి అవ్వ కర్ర ఊతగా పట్టుకుని ఆమె ఇంటికి వచ్చింది. అవ్వకు అప్పుడు ఏలినాటి శని. శనివారం శనివారం నవగ్రహాల చుట్టూ తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగిపోయాయి.

"అమ్మణ్ణీ, నవగ్రహాల్లో ఒకాయన్ని తీసేసినారంట గదా. ఎవుర్ని? శనీశ్వరుణ్ణేనా?" అని అడిగింది, ఎంత ఆశగా అంటే, కాదని చెప్పడానికి మనసొప్పక టీచరక్క ముందు కాఫీ కలిపి ఇచ్చింది.

"ఆయన్ని తీసే దమ్ము ఎవురికుండాది అవ్వా? ఆ తొమ్మండుగురు గుళ్ళో ఉండేవాళ్ళు. వాళ్ళ జోలికి ఎవురూ పోలే. ఇది బడిలో సంగతి."

అవ్వ నిరాశగా కాఫీ తాగి వెళ్ళింది.

ఇలా అన్నిటినీ నవ్వుతూ వరుసలో పెట్టే మనిషికి, తననే వరుసలో పెట్టని చోటు ఒకటుండేది. అది మా వీధి.

మా వీధిలో పెళ్ళయిన మగవాడి పేరు మీద లెక్కకొచ్చే ఇంటిని తలకట్టు అంటారు. ఆని తర్వాత వచ్చే ఆడి నెలలో మా అమ్మవారు చౌడమ్మ పల్లకీలో ఊరేగుతుంది. ప్రతి తలకట్టు ఇంటి ముందూ బోయీలు పల్లకీని చెక్క కాళ్ళ మీద దింపుతారు. ఆ ఇంటివాళ్ళు కర్పూరం వెలిగించిన పళ్ళెం ఇస్తారు, పూజారి ఆ ఇంటి పేరు చెప్పి హారతి ఇస్తాడు. తలకట్టు కాని ఇల్లంటే పల్లకీకి ఉత్త గోడే.

టీచరక్క తన సంపాదనతో వీధి చివర చిన్న పెంకుటిల్లు కొనుక్కుంది. ముందు గదిలో నేసేవాడు కాళ్ళు దించుకునే పాత మగ్గం గుంత ఉంటే పూడ్చకుండా దాని మీద రాతిపలక వేయించి, ఆ పలక మీద కుర్చీ వేసుకుని పరీక్ష పేపర్లు దిద్దేది. "మా నాయన ఇట్లాంటి గుంతలోనే కాళ్ళు పెట్టినాడు, నేను దాని మీద కుర్చీ వేసినా" అని గొప్పగా చెప్పుకునేది. ఇల్లుంది, పొయ్యుంది, వాకిట్లో ముగ్గుంది. కానీ లెక్కలో ఆమె తమ్ముడి తలకట్టు కిందికే వచ్చేది. పండగనాడు తమ్ముడింటికి పోయి మరదలి వెనక నిలబడి, పళ్ళెం అంచు రెండు వేళ్ళతో పట్టుకోవాలి.

ఒక ఏడు ఆమె పోలేదు. తన వాకిట్లోనే పెద్ద ముగ్గు వేసి, పట్టుచీర కట్టుకుని, పళ్ళెంలో కర్పూరం వెలిగించుకుని నిలబడింది. నేను పక్కనే ఉన్నాను. పల్లకీ వచ్చింది. బోయీలు మంచి ఊపులో ఉన్నారు. డోలు ముందుకు పోయింది, పల్లకీ ముందుకు పోయింది, వెనక జనమూ పోయారు. ముగ్గు మీద అడుగుల గుర్తులు మిగిలాయి. పళ్ళెంలో కర్పూరం దానంతట అది ఆరిపోయింది.

ఏదో ఒకటి అనాలి కదా అని, "ఆయన పాటికి ఆయన తిరగతా ఉండాడు అంటావు గదక్కా" అన్నాను.

"ప్లూటోకి తెలీదు మే. నాకు తెలస్తాది గదా" అంది.

ఆమె నవ్వకుండా మాట్లాడడం నేను వినడం అదే మొదలు.

మరుసటి ఏడు ఉత్సవానికి ముందు గుడి మంటపంలో వీధి కూటం జరిగింది. గుడి పెద్ద అప్పటికే ముసలాయన. చీరల వ్యాపారం కొడుకులకిచ్చి గుడి పెత్తనం మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. గట్టి మనిషి. రూలంటే రూలే. ఆడవాళ్ళం మంటపం కింద మెట్ల మీద కూర్చున్నాం. అన్ని మాటలూ అయ్యాక టీచరక్క లేచింది.

"మామా, ఈ ఏడు పల్లకీ నా వాకిట్లో నిలవాల."

గుడి పెద్ద ఉత్తరీయం సర్దుకున్నాడు. "నీ మీద మాకేం కోపం లే అమ్మణ్ణీ. నీకిస్తే రేపు ఆ అవ్వ అడగతాది. మొగుడు పోయినామె గదా, ఆమె కష్టం ఆమెది. ఎల్లుండి దర్జీ అంగడి మిద్దె మీద ఉండే ఆ విడిపోయి వచ్చిన పిల్ల అడగతాది. ఇట్లా వస్తానే ఉంటారు. ఇంటింటికీ దించుకుంటా పోతే అమ్మవారు గుడికి చేరేది ఎప్పుడు?"

ఆమె పక్కున నవ్వింది. గుడి పెద్ద ముఖం ఎర్రబడింది.

"మిమ్మల్ని చూసి కాదు మామా. మీరు చెప్పినారు చూడు, అదే మాట ఆకాశం చూసే పెద్దలూ చెప్పినారు. అందుకు నవ్వొచ్చింది." ఇక మొదలుపెట్టింది. ప్లూటో తొమ్మిదోవాడుగా నిండా ఏళ్ళు లెక్కలో ఉండినాడు. తర్వాత ఇంకా దూరంలో ఎరిస్ అని ఒకటి దొరికింది. కొలిస్తే ప్లూటో అంతే ఉంది, బరువు ఇంకొంచెం ఎక్కువే. ఇప్పుడు దాన్ని కూడా చేర్చాలా? చేరిస్తే దాని వెనక ఇంకెన్నున్నాయో ఎవరికి తెలుసు? అప్పుడు పెద్దలంతా కూటం పెట్టారు. చాలామంది ఊళ్ళకు పోయాక, కడాపటి నాడు, మిగిలినవాళ్ళు చేతులెత్తి తీర్మానం చేశారు.

"మన కూటం మాదిరే" అన్నారెవరో. అందరూ నవ్వారు.

"ఆమా. మన కూటం మాదిరే. ప్లూటో గ్రహం కాదన్నారు. కొంతమంది ఈ పొద్దుకీ ఒప్పుకోలే, అది వేరే కథ. తలుపు మూసినారు, సరే. కానీ మూసి ఊరికే ఉండలే. తలుపు ముందర ఒక తిన్నె కట్టినారు. దానికి మరుగుజ్జు గ్రహం అని పేరు పెట్టి, దా, ఇక్కడ కూచో అన్నారు. ప్లూటోనీ ఎరిస్‌నీ కూచోబెట్టినారు. ఎన్నో ఏళ్ళ ముందర గ్రహమని పిలిచి, తర్వాత ఉత్త రాయని తోసేసిన సెరెస్‌ని గూడా పిలిచి కూచోబెట్టినారు. మీరు తలుపు మూసినారు మామా. తిన్నె యాడ?"

తర్వాత చెయ్యెత్తింది. నాకు తెలుసు ఇక వేళ్ళు లేస్తాయని.

"ఒకటి. నేను ఎవురి చుట్టూ తిరగతా ఉండా? మా తమ్ముడి చుట్టూనా? వాడు మంచోడే, కానీ వాడి చుట్టూ కాదు. మీరు ఎవురి చుట్టూ తిరగతా ఉండారో ఆ చౌడమ్మ చుట్టూనే నేనూ తిరగతా ఉండా. రెండు. నా ఇల్లు, నా పొయ్యి, నా కాళ్ళు. నన్ను ఎవురి పిడికిలీ ఒత్తలే, నా అంతట నేను గుండ్రంగా నిలబడినా. మూడు." మూడో వేలు సగం ముడుచుకుంది. "మూడోది లే. నా చుట్టూ పిల్లాజెల్లా లే, నా వెనక ఒక గుంపు లే. అది నేనే ఒప్పుకుంటా. దానికి నన్ను తలకట్టు కాదనండి, పరవాలే. కానీ నేను లేనే లేదన్నట్టు దాటి పోవద్దండి."

మెట్ల మీద కూర్చున్న అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె మాటల్లో ఎరిస్సూ సెరెస్సూ అవ్వకు ఏం తెలిశాయో గానీ, కడాపటి మాట మాత్రం తెలిసింది.

పెద్దలు మంటపం మూలకు పోయి చాలాసేపు గుసగుసలాడారు. గుడి పెద్ద తిరిగి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"ఆ మరుగుజ్జు అనే పేరు మాత్రం వద్దు. వీధిలో కొట్లాటలు అయితాయి. చిన్న తలకట్టు అందాం. పల్లకీ కిందికి దించేది లే. భుజాల మీదే నిలపతాం. ఒక కర్పూరం ఆరేదాకా. ఆరితే కదలాల. ఆమె పొయ్యినాక ఆ నిలుపు ఎవురికీ పోదు, ఆమెతోనే సరి. సమ్మతమా?"

"సమ్మతం మామా" అని ఆమె ఇంటికి పరిగెత్తినట్టే నడిచింది. ఆ రాత్రి వీధంతా ఆమె ఇంటి పాయసం తాగాం.

ఇక ఆ మొదటి ఏటి ఊరేగింపు. ఆ రోజే బడిలో ఇన్‌స్పెక్షన్ పడింది, లీవు దొరకలేదు. ఆమె వెళ్తోంది కాబట్టి నేనూ ఆఫీసుకు వెళ్ళాను. సాయంత్రం ముందు బండే పట్టుకున్నాం, వేళకు చేరిపోతాం అనుకున్నాం. అరక్కోణం ముందర బండి ఆగిపోయింది. పట్టాల మీదికి ఎనుముల మంద వచ్చిందన్నారు. ఆమె జీవితంలో మొదటిసారి ముందుకు తిరిగిన సీటులో కూర్చుని, కిటికీలోంచి తల బయటపెట్టి ఎనుములను తిట్టింది. నాకు భయంగానూ ఉంది, నవ్వూ ఆగలేదు.

తిరుత్తణిలో దిగి ఆటో దొరక్క పరుగు తీశాం. దారిలో ఆమె చెప్పు తెగింది. రెండూ చేతిలో పట్టుకుని పరిగెత్తింది. మా వీధి మలుపు తిరిగేసరికి డోలు శబ్దం వీధి చివరే వినిపించింది. అయిపోయింది, పల్లకీ దాటిపోయి ఉంటుంది అనుకుంటూ ఆమె వెనకే పరిగెత్తాను.

దాటిపోలేదు. ఆమె తలుపుకి తాళం వేసే ఉంది. దాని ముందు పల్లకీ భుజాల మీద నిలిచి ఉంది. బోయీలు చెమటలు కక్కుతూ ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకుంటున్నారు. గుమ్మం ముందు ముగ్గు లేని నేల మీద, పంచె కాస్త ఎగగట్టుకుని, గుడి పెద్ద గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందర గుడి పళ్ళెం. కర్పూరం సన్నబడగానే ఇంకో బిళ్ళ, అది సన్నబడగానే మరో బిళ్ళ.

"మామా, ఎంతసేపు?" అని బోయీ ఒకడు మూలిగాడు.

"ఆరితే కదలాల. రూలు రూలే. ఆరిందా? ఆరలే గదా! నోరు మూసుకొని నిలబడు."

టీచరక్క చెప్పులు రెండూ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన తలెత్తి చూసి కసిరాడు.

"ఏం చూస్తా ఉండావు? గుడి కర్పూరం అంతా అయిపోవస్తా ఉండాది. చెప్పులు అవతల పారేసి దా!"

ఆమె వచ్చి పళ్ళెం ఎత్తింది. పూజారి తమ్ముడి పేరు చెప్పలేదు, నాయన పేరు చెప్పలేదు. ఆమె పేరే చెప్పాడు. ఆమె నవ్వుతూ ఏడ్చిందా, ఏడుస్తూ నవ్విందా నేను చూడలేదు, నా కళ్ళే సరిగ్గా కనబడలేదు.

తర్వాత ఆమె ఇంట్లో దేవుడి గూట్లో చౌడమ్మ పటం పక్కన ప్లూటో ఫోటో ఒకటి వెలిసింది. దగ్గరికి పోయిన యంత్రం తీసిందట. మట్టిరంగు గోళం మీద తెల్లగా గుండె ఆకారంలో ఒక మైదానం. "ఆ యంత్రం బయలుదేరినప్పుడు ఈయన గ్రహం. చేరేసరికి మరుగుజ్జు. అయినా బండి వెనక్కి తిరగలే. పొయ్యి చూస్తే ఈయన ఇంత గుండె పెట్టుకొని ఉండాడు" అని వచ్చినవాళ్ళకల్లా చూపించేది. ఫోటోకి కుంకుమ బొట్టు కూడా పెట్టింది. ఇదేం సైన్సు అక్కా అంటే, బొట్టు పెడితే చెడిపొయ్యే సైన్సు కాదులే అనేది.

గుడి పెద్ద భయపడినట్టే జరిగింది. మరుసటి ఏడు అవ్వ అడిగింది, చిన్న తలకట్టు ఇచ్చారు. తర్వాత దర్జీ అంగడి మిద్దె మీది అమ్మాయి. తర్వాత భార్య పోయిన ఒక తాత, ఇంకా ఒకరిద్దరు. టీచరక్క అందరికీ పేర్లు పెట్టింది. మిద్దె మీది అమ్మాయి పొద్దున్నుంచి కుట్టు మిషన్‌కీ మిద్దెకీ గిర్రున తిరుగుతూ ఉంటుంది గాబట్టి హౌమియా. వేగంగా తిరిగి తిరిగి గుడ్డు ఆకారానికి వచ్చిన మరుగుజ్జు గ్రహమట అది. ఆ అమ్మాయి అద్దంలో చూసుకుని, నేనేం గుడ్డు మాదిరి లేనే అని వాదించింది.

అలాంటి మనిషి తై నెల చలిలో ఒక తెల్లవారుజామున లేవలేదు. ఫోటో మీద బొట్టు ముందురోజుదే ఉంది.

ఈ ఏడు ఆడి నెల వచ్చింది. నేను మా ఇంటి పళ్ళెం మా ఆయన చేతిలో పెట్టేసి, వీధి చివర ఆమె ఇంటి ముందుకు పోయి నిలబడ్డాను. తాళం వేసి ఉంది. ముగ్గు నేనే వేశాను. చిన్న తలకట్టు మనిషితోనే సరి అని నాకు తెలుసు. తెలిసినా నిలబడ్డాను.

పల్లకీ వచ్చింది. గుడి పెద్ద ఇప్పుడు కర్ర పట్టుకుని మనవడి భుజం ఆనుకుని నడుస్తున్నాడు. తాళం దగ్గరికి రాగానే బోయీల అడుగు తడబడింది. ఆయన ఆ తలుపు వైపు చూశాడు, రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు, "పదండ్రా" అన్నాడు. పల్లకీ దాటిపోయింది. రూలు అదే. అయినా ఆ క్షణం నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఆమె మీద కూడా వచ్చింది, ఎందుకు సమ్మతం అన్నావని.

వీధి చివర తిరిగి పల్లకీ ఎదురు వరసకు వచ్చింది. అక్కడ మొదట దర్జీ అంగడి. మెట్ల కింద అమ్మాయి పళ్ళెంతో నిలబడి ఉంది. ఆమె పక్క వాకిట్లో అవ్వ. అవ్వ పక్కన తాత. ఆ పక్కన ఇంకా ఇద్దరు, వాళ్ళ అవతల ఈ ఏడు కొత్తగా చేరినవాళ్ళు. వీధి ఆ కొస అంతా చిన్న తలకట్టులే. బోయీల్లో పెద్దవాడు నిలిచిపోయాడు.

"మామా, ఇంతమందికి కర్పూరాలు ఆరేదాకా భుజాల మీద మోసేది మా చేత కాదు. మీరు రూలంటే నేను కాడి వదిలి పోతా."

గుడి పెద్ద వరసగా ఆ పళ్ళేలు చూశాడు. బోయీల భుజాలు చూశాడు. కర్రతో నేల మీద ఒకసారి కొట్టాడు.

"దించండ్రా! చెక్క కాళ్ళు తీసుకురాండి. ఇంగ అందరికీ దించేదే."

అమ్మాయి వాకిట్లో, అచ్చం మా వాకిట్లో దింపినట్టే, పల్లకీ నేలకు దిగింది. డోలువాడు కొట్టడం మరిచిపోయి చూస్తూ ఉంటే అవ్వ వాణ్ణి కర్రతో పొడిచింది. నేను ఆ తాళం వైపు తిరిగి, "చూసినావా అక్కా" అన్నాను, పైకే. పక్కనున్నవాళ్ళు విన్నారు. విననీ.

మర్నాడు సాయంత్రం బండిలో జామకాయలామె కోసం కాచుకున్నాను. ఆమె వచ్చి బుట్ట దించగానే చెప్పాను.

"నీ పేరు మంచి పేరే. సెరెస్‌ని మొదట గ్రహమన్నారు. తర్వాత ఉత్త రాయన్నారు. కడాకి, కాదు కాదు, ఇది తన బరువుతో తాను గుండ్రంగా ఉండాది అని మళ్ళా లెక్కలోకి తీసుకున్నారు."

ఆమె జామకాయ తుడవడం ఆపింది. "నా మొగుడు పొయ్యి నిండా ఏళ్ళాయె. మా వీధిలో అమ్మవారు నా వాకిలి దాటుకొనే పోతాది. మీ టీచరమ్మకి అది ఎట్లా తెలిసింది మా?"

టీచరక్కకు తెలుసో లేదో నాకు తెలియదు. సెరెస్ అని ఊరికే అందో, అడిగి కనుక్కునే అందో ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

"మా వీధి పెద్ద గూడా మొండోడే. వాడికి ఏం చెప్పాల, ఎట్లా చెప్పాల?" అని ఆమె నా ఎదురు సీటులో కూర్చుంది. ఆమె దిగాల్సిన స్టేషన్ వచ్చింది, దిగలేదు.

నేను ఆమెకు ఎదురుగా సర్దుకుని కూర్చుని, కుడిచెయ్యి ఎత్తి చూపుడు వేలు నిలబెట్టాను.

"ఒకటి. నువ్వు ఎవురి చుట్టూ తిరగతా ఉండావు?"